మొసలి మొగుడి అసలు గొంతు

పెళ్ళికి ముందు మా ఆయన నన్ను పక్కకి పిలిచి చెప్పిన రహస్యం ఒకే ఒక్కటి.

"చూడు, తర్వాత చెప్పలేదని నన్ననకూడదు. మా నాన్న మొసలి."

నేను పకపకా నవ్వాను. నవ్వి, ఆ ముక్కునీ కళ్ళనీ పరీక్షగా చూసి, "ఆ మొసలేనా?" అన్నాను.

"ఆ మొసలే" అన్నాడు దిగులుగా.

'మొసలి మొగుడు' సినిమా చూడని హాస్టలు ఉండదనుకుంటాను. పరీక్షలైపోయిన రోజున మంచాలన్నీ ఒక గోడకి తోసేసి, ఆ సినిమా పెట్టుకుని, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వడం మా హాస్టల్లో రివాజు. మంత్రగాడి శాపం తగిలి, పొద్దుగూకితే మొసలైపోయే మనిషి కథ అది. పగలంతా పెళ్ళాంతో పాటలు పాడతాడు, చీకటి పడితే ఏట్లో ఉంటాడు. మొసలి రబ్బరుది. వీపున జిప్పు నిగనిగలాడుతూ కనబడుతుంది. తోక ఎటు తిరగాలో అటు తిప్పడానికి నీళ్ళలోంచి ఒక చెయ్యి వస్తుంది. ఆ చేతికి గడియారం కూడా ఉంటుంది. ఆఖర్న హీరో ఏటి ఒడ్డున నిలబడి, పెళ్ళాం దగ్గర సెలవు తీసుకుంటూ, "ఓ విధీ! నన్నేల మొసలిని చేసితివి!" అని గొంతు చించుకుంటాడు. మా హాస్టల్లో కుళాయి ఆగిపోతే అదే మాట, కూరలో ఉప్పెక్కువైతే అదే మాట. లెక్కల పేపరు పోయినమ్మాయి గేటు దగ్గర నిలబడి అన్నదీ అదే మాట.

ఆ హీరో కొడుకే మా ఆయన. ఆ లెక్కన నేను మొసలి కోడల్ని. ఈ సంగతి నా స్నేహితురాళ్ళకి తెలిసిన రోజున నాకొచ్చినన్ని ఫోన్లు నా పెళ్ళిరోజున కూడా రాలేదు.

మా అత్తవారిల్లు చిన్నది. వంటింట్లో దగ్గితే ముందుగదిలోంచి "మంచినీళ్ళు తాగు" అని వినబడేంత చిన్నది. మాకు మేడ మీద ఒక గది ఇచ్చారుగానీ, ఆ మెట్లు ఇనపవి, ఎక్కిన ప్రతిసారీ ఊరంతటికీ కబురు పెడతాయి. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఎన్ని మాటలుంటాయి! అవన్నీ ఎక్కడ చెప్పుకోవాలి? దీనికి మేమిద్దరం ఒక ఉపాయం కనిపెట్టాం. అసలు కనిపెట్టింది మా ఆయన ఉద్యోగం. ఆయన డబ్బింగు స్టూడియోలో సౌండు ఇంజనీరు. మందపాటి అద్దం వెనక కూర్చుని ఉంటాడు. పెళ్ళి కుదిరాక నేను చూడ్డానికి వెళితే, అద్దం అవతల ఆయన, ఇవతల నేను. ఆయన పెదాలు కదిపేవాడు, మాట వినబడేది కాదు. మొదట్లో ఏమీ తెలిసేది కాదు, తర్వాత్తర్వాత అన్నీ తెలిసిపోయాయి. పెదాలు కలిశాయా, సున్నా చుట్టాయా, నాలుక పళ్ళని తాకిందా, అంతా చూసుకుని చదువుకోవడమే. పెళ్ళయ్యాక అదే మా ఇంటిభాష అయింది. అత్తయ్య ఇటు, మామయ్య అటు కూర్చుని ఉండగా, భోజనాల బల్ల మీదుగా మా ఆయన ముద్ద కలుపుతూనే పెదాలతో ఏదో అంటాడు. నేను చెవులదాకా ఎర్రబడి పచ్చడి వడ్డించుకుంటాను. నాకంటే తెలివైనది ఈ లోకంలో లేదనిపించేది.

మామయ్య గురించి చెప్పాలి. నేను ఎవరినో ఊహించుకుని వచ్చాను. ఇక్కడ పొడుగ్గా, భుజాలు కొంచెం వంచుకుని, కళ్ళజోడు దారంతో మెడకి కట్టుకున్న ఒక నెమ్మదైన మనిషి ఉన్నారు. పొద్దున్నే అత్తయ్య పని చేసుకుంటుంటే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు పైకి చదువుతారు. ఆ గొంతు! పాత చెక్కపెట్టె మూత జాగ్రత్తగా తెరుస్తుంటే లోపల్నుంచి వచ్చే చప్పుడు లాంటిది. లోపలేముందో చూడాలనిపిస్తుంది. నేను వచ్చిన మొదటి వారంలోనే ఓ రోజు, "సాయంత్రం వాన పడవచ్చు" అని చదివారు. నేను గబగబా వెళ్ళి ఆరేసిన బట్టలన్నీ తెచ్చేశాను. బయట ఎండ మండిపోతోంది.

అత్తయ్య నా చేతుల్లో బట్టలు చూసి నవ్వింది. "మళ్ళీ ఆరెయ్యి అమ్మాయ్. ఆయనేది చదివినా అంతే. నిన్న సంతాప ప్రకటన చదివితే ముక్కూ మొహం తెలీని మనిషి కోసం నేను ఏడ్చాను."

"మామయ్యా, సినిమాలో మీ గొంతు ఇలా లేదే?" అన్నాను.

వంటింట్లో గరిటె ఆగింది. మామయ్య పేపరు మడిచారు.

"అది నా గొంతు కాదమ్మాయ్. ఏ సినిమాలోనూ నా గొంతు లేదు. పొద్దున ఒక సెట్టు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి. గుమ్మంలో నిలబడి అడిగినవాడికి కాదని చెప్పడం నాకు చేతకాలేదు. ఇంక డబ్బింగుకి ఎక్కడ వెళ్తాను? వేరే ఆయన చెప్పేవాడు, పాపం పోయాడిప్పుడు. బండెడు రాళ్ళు రేకు మీద పోసినట్టుండేది ఆయన గొంతు. ఎలాగూ నా మాట వినబడదుగదా అని నేను డైలాగులు నేర్చుకోవడం కూడా మానేశాను."

"మరి కెమెరా ముందు నోరు కదపాలిగా?"

"ఏడో ఎక్కం" అన్నారు మామయ్య మామూలుగా. "ప్రేమయినా, పగయినా ఏడో ఎక్కమే. ఏడొకట్ల ఏడు, ఏడురెళ్ళు పద్నాలుగు. కొంచెం పొడుగు సీనయితే ఎనిమిదో ఎక్కంలోకి వెళ్ళేవాణ్ణి."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనా నవ్వారు. నవ్వుతూనే ఇంకో మాట చెప్పారు. ఒకసారి ఒక మంచి దర్శకుడు పిలిచి బడిపంతులు వేషం ఇస్తానన్నాడట. షరతు ఒకటే, డబ్బింగు నువ్వే చెప్పాలి, వచ్చి ఒకసారి గొంతు వినిపించు అని. ఆ రోజు మామయ్య వెళ్ళలేదు. రబ్బరు మొసలిలో ఉన్నారు. జిప్పు ఇరుక్కుపోయింది. మర్నాడు వెళితే వేషం ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తాగుడు, ఇంకా చెత్త సినిమాలు, చివరికి అవీ లేవు. మా ఆయన పుట్టాక తాగుడు మానేశారట. సినిమాలు వాటంతటవే మానేశాయి.

"నాకు నటించడం వచ్చో రాదో నాకే తెలీకుండా అయిపోయిందమ్మాయ్. అదొక్కటే" అని మళ్ళీ పేపరు విప్పారు.

ఆ 'అదొక్కటే' నా వెంటే మేడమెట్లు ఎక్కింది. మా ఆయనతో చెబితే, "నేను చిన్నప్పట్నుంచి వింటున్నా ఆ మాట" అన్నాడు. మరో సంగతి కూడా చెప్పాడు. అత్తయ్య ఆయన సినిమాలు చూడదు. టీవీలో వస్తే లేచి వెళ్ళిపోతుంది. 'మొసలి మొగుడు' విడుదలైన రోజున హాల్లోంచి మధ్యలో లేచి వచ్చేసిందట, అంతే, మళ్ళీ ఏ సినిమాకీ వెళ్ళలేదు. సిగ్గుపడి ఉంటుందని ఇంట్లో అందరూ అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను.

అలాంటి ఇంటికి ఒక ఆదివారం పొద్దున చెత్త సినిమా క్లబ్బు కార్యదర్శి వచ్చాడు. అవును, అలాంటి క్లబ్బు ఉంది. నెలకోసారి పాత థియేటరొకటి మాట్లాడుకుని, వెతికి వెతికి ఒక పరమ చెత్త సినిమా తెచ్చి వేస్తారు. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి మరీ నవ్వుతారు. కార్యదర్శి గుండ్రటి కళ్ళజోడు పెట్టుకున్నాడు, చొక్కా జేబుకి ప్లాస్టిక్ మొసలి తగిలించుకున్నాడు. ఆ మొసలిని మామయ్య కంటబడకుండా చేత్తో మూసుకుంటూ కూర్చున్నాడు పాపం.

విషయం ఏమిటంటే, 'మొసలి మొగుడు' అసలు ప్రింటు దొరికింది. బొమ్మ బాగుంది. ఆఖరి రీలులో మాత్రం శబ్దం పూర్తిగా పోయింది. ఆ 'ఓ విధీ' సీను ఉన్న రీలే. మేము హాస్టల్లో చూసిన అరిగిపోయిన కాపీల్లోని శబ్దం హాల్లో వెయ్యడానికి పనికిరాదట.

"అది లేకపోతే జనం ఊరుకోరండీ" అన్నాడు మా ఆయనతో. "మీ స్టూడియోలో మళ్ళీ చెప్పించాలి. అదే, అసలు నాన్నగారే వచ్చి 'ఓ విధీ' అని అరిచారనుకోండి, హాలు కూలిపోతుంది!"

మా ఆయన మొహం ఎర్రబడింది. "మా నాన్న మీకు ఆటబొమ్మలా కనబడుతున్నాడా?"

"వస్తాను" అన్నారు మామయ్య.

"నాన్నా! వాళ్ళు నవ్వుతారు!"

"ఇన్నాళ్ళూ ఏడుస్తున్నారా ఏమిటి?"

వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టిన చప్పుడయింది.

నేనూ స్టూడియోకి వెళ్ళాను. రికార్డింగు గది తలుపు దగ్గర మా ఆయన నా చేతుల వంక చూసి, 'గాజులు' అన్నాడు పెదాలతో. కొత్త పెళ్ళికూతుర్ని, మోచేతులదాకా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి రుమాల్లో మూటకట్టాను. కొత్త బట్టలు గరగరలాడతాయని కదలకుండా మూల స్టూలు మీద కూర్చోమన్నాడు. గోడలకంతా స్పాంజి, మధ్యలో మైకు, గ్లాసుడు నీళ్ళు, ఎదురుగా తెర. ఆ గదిలో మన ఊపిరి మనకే కొత్తగా వినబడుతుంది. నాకు తెగ నచ్చేసింది.

తెర మీద వయసులో ఉన్న మామయ్య ఏటి ఒడ్డున నిలబడ్డారు. మైకు ముందు ఇప్పటి మామయ్య గొంతు సవరించుకుని, "ఓ విధీ!" అన్నారు. గొంతు కీచుమంది. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారి అరుపు బాగానే వచ్చిందిగానీ, పెదాలకి అతకలేదు.

మా ఆయన ఆ అరుపుని ముందుకి జరిపాడు, వెనక్కి జరిపాడు. అతకలేదు. మామయ్య చొక్కా వీపంతా తడిసిపోయింది.

"రాదురా. వదిలెయ్. రానిది రాదు" అన్నారు.

ఏం చెయ్యాలో తోచక తెర వంకే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన బొమ్మని వెనక్కి తిప్పి మాట లేకుండా మళ్ళీ వేశాడు. అప్పుడు చూశాను.

"మామయ్యా, మీరు ఇక్కడ 'ఓ విధీ' అనలేదు! మొదటి అక్షరానికే పెదాలు కలిశాయి. 'ఓ' అంటే కలవవుగా!"

"ఏడో ఎక్కమై ఉంటుందిలే."

"ఏడుకీ కలవవు!"

మా ఆయన అద్దం వెనక నుంచి నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పాడవని పాత రీలొకటి పెట్టాడు, పరీక్షకి. విలన్ని తోకతో కొట్టి, తెల్లారి మనిషయ్యాక హీరో నిప్పులు కక్కే సీను. నేను పెదాలు చూసి గట్టిగా చదివాను. "ఏడార్ల నలభై రెండు! ఏడేడ్ల నలభై తొమ్మిది!" మామయ్య నోరు తెరుచుకుని చూశారు. "నీకిదెలా వచ్చమ్మాయ్?" అన్నారు. నేను చెప్పలేదు. మా ఆయన బల్ల మీద మీటలేవో తెగ శ్రద్ధగా సర్దుకున్నాడు.

మళ్ళీ ఆఖరి రీలు. ఇందులో ఎక్కాలు లేవు. బొమ్మని నెమ్మదిగా నడిపిస్తుంటే నేను నా పెదాలు దానితోపాటు కదిపి చూసుకున్నాను. కలిసి, విడిపోయి, మళ్ళీ కలిసి, చివర సున్నా చుట్టి...

"భయపడకు" అన్నాను.

ఆ మాట అంటుంటే నా ఒళ్ళు జల్లుమంది. తెర మీది మొహం అదే చెబుతోంది. కళ్ళు కూడా అదే చెబుతున్నాయి. హాస్టల్లో మేము అన్నిసార్లు చూసి కూడా ఆ మొహం చూడలేదు. ఆ రాళ్ళబండి గొంతు చూడనివ్వలేదు.

రెండో వాక్యం మా ఆయన పట్టుకున్నాడు. "రాత్రి గడియ పెట్టుకో." మూడో వాక్యం దగ్గర తెర మీదికి పొగ వచ్చింది. నాలుగోది సగమే చిక్కింది. ఆ తర్వాత హీరో వెనక్కి తిరిగి ఏట్లోకి నడుస్తాడు. అప్పుడు కూడా దవడ కదులుతున్నట్టుంది, కానీ వీపుకి పెదాలుండవుగా.

"ఎవరితో అన్నారు మామయ్యా ఇవన్నీ?"

ఆయన తెర వంక చూశారు. "గుర్తు లేదమ్మాయ్. ఆవేళ మూడు సెట్లు" అన్నారు. ఆ మొహం తనదేనా అని అడుగుతున్నట్టు చూస్తూనే ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా మాకు అదే ధ్యాస. మామయ్య తల వంచుకుని తింటున్నారు. మా ఆయన బల్ల అవతల నుంచి పెదాలతో, 'నేను... పి... పిలి...' అన్నాడు. నేను, 'పిలిచినా? పిలిస్తే?' అన్నాను. 'తర్వాత?' అన్నాడు. 'తీ... తీసు...' అన్నాను.

"నేనొచ్చి పిలిచినా తియ్యకు" అంది అత్తయ్య, పైకి, స్పష్టంగా, మజ్జిగ పోస్తూ.

ఇద్దరం కొయ్యబారిపోయాం.

"గొంతు నాదే ఉంటుంది. మనిషిని నేను కాను" అని కూడా అంది. "అదీ ఆయనన్నది."

మామయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు మా ఆయన.

"నాతో అంటే నాకు తెలీదా?" అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. "అప్పటికి మా పెళ్ళై ఏడాది కాలేదు. ముందురోజు తాగొచ్చి తలుపు బాదారు. నాకు భయమేసి తియ్యలేదు. తెల్లారి చూస్తే బయట గచ్చు మీద పడుకుని ఉన్నారు, లేచి మాటా పలుకూ లేకుండా షూటింగుకి వెళ్ళిపోయారు. కళ్ళజోడు మర్చిపోయారు. అది ఇద్దామని సెట్టుకి వెళ్ళి లైట్ల వెనక నిలబడ్డాను. సీను మధ్యలో నన్ను చూశారు. చూసి, ఎదురుగా ఉన్న హీరోయిన్ని వదిలేసి, ఆ మాటలు నాతో అన్నారు. వినబడలేదు, ఫ్యాన్ల హోరు. పెదాలు చూశాను."

"మరి సినిమాకెళితే..." అన్నాను మెల్లగా.

"వెళితే ఏముంది? నాతో అన్న మాటల మీద ఎవడో 'ఓ విధీ' అని అరుస్తున్నాడు. హాలంతా నవ్వుతోంది. లేచి వచ్చేశాను."

ఇన్నేళ్ళూ మేమనుకున్న సిగ్గు అది కాదన్నమాట.

మామయ్య తలెత్తారు. "నువ్వు లైట్ల వెనక పసుప్పచ్చ చీరలో ఉన్నావు" అన్నారు. "కళ్ళజోడు లేదుగదా, ఆ పసుపు ఒక్కటే కనబడింది. నువ్వేననుకుని చెప్పాను."

"నేను కాకపోయి ఉంటే ఇంకెవరికో చెప్పేసేవారా?" అంది అత్తయ్య. మామయ్య కంగారుపడిపోయారు. అప్పుడు నవ్వింది. నవ్వి, మజ్జిగ గిన్నె మూసి, మా వైపు తిరిగింది.

"మీ ఇద్దరికే వచ్చనుకున్నారా ఈ విద్య? మీరిద్దరూ పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ బల్ల మీద ఏమేం మాట్లాడుకుంటున్నారో అన్నీ తెలుసు నాకు. నిన్నటిదీ తెలుసు."

నిన్నటిది! నేను బల్ల కింద దూరిపోదామా అనుకున్నాను. మా ఆయన నిజంగానే చెంచా పడిపోయిన వంకతో దూరిపోయాడు.

ఆ రెండో రోజు రికార్డింగుకి మామయ్య నన్ను గదిలోకి రానివ్వలేదు. "నువ్వు బయటుండమ్మాయ్, నాకు సిగ్గు" అన్నారు. నేను పక్కగది కిటికీలోంచి చూశాను. ఆయన నావైపు వీపు పెట్టి నిలబడ్డారు. చొక్కా ఈసారి తడవలేదు. చేతులు వేలాడేసుకుని, పేపరు చదివేటప్పుడు నిలబడ్డంత మామూలుగా ఉన్నారు. తెర మీది వీపూ, మైకు ముందు వీపూ, రెండూ ఒకటే, మధ్యలో వయసొక్కటే. సీను అయిపోయింది. అద్దం వెనక మా ఆయన ఆపే మీట నొక్కలేదు. చెవులకి ఉన్న డబ్బాలు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏట్లోకి నడిచేటప్పుడు ఏమన్నారు?" అని అడిగాను ఆ సాయంత్రం.

"చెప్పను."

"నాకు చెప్పవా? నాకు!"

"నాన్న ఒట్టు పెట్టించుకున్నాడు."

పెళ్ళైన తర్వాత మా ఇద్దరి మధ్యా మొదటి రహస్యం. నేను అలిగాను. అలకలో కూడా ఎంత బాగుంటుందో ఇంతకుముందు తెలియదు, ఆయన రెండుసార్లు టీ పెట్టి తెచ్చాడు. అయినా చెప్పలేదు.

అత్తయ్య మాత్రం, "నేను రాను" అంది. "మళ్ళీ ఆ నవ్వులు వినలేను."

"అత్తయ్యా, ఈసారి గొంతు మామయ్యదే" అన్నాను. సినిమా రోజున నేను జడలో పిన్నులు వెతుక్కుంటుంటే కింద నుంచి గట్టిగా వినబడింది, "ఇంకా ఎంతసేపు?" దిగి చూస్తే గేటు దగ్గర తయారై నిలబడి ఉంది. పసుప్పచ్చ చీర. పాతది కాదు, అది ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. ఈమధ్య కొన్నదే. మామయ్య చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశారు.

థియేటరు నిండిపోయింది. కుర్రకారంతా ముక్కులకి అట్టముక్కల మొసలి మూతులు కట్టుకొచ్చారు. మమ్మల్ని వెనక వరసలో కూర్చోబెట్టారు. మామయ్య కుర్చీలో కిందికి జారిపోయి కూర్చున్నారు. అత్తయ్య మెడ నిటారుగా పెట్టుకుంది. సినిమా మొదలయింది, నవ్వులు మొదలయ్యాయి. పాత రీళ్ళలో ఆ రాళ్ళబండి గొంతే ఉంది. ప్రేమ సీనులో నేను ఉండబట్టలేక అత్తయ్య చెవిలో, "ఏడునాల్గుల ఇరవై ఎనిమిది అంటున్నారు హీరోయిన్‌తో" అన్నాను. అత్తయ్య పమిట నోట్లో కుక్కుకుంది. నీళ్ళలోంచి గడియారం చెయ్యి వచ్చేసరికి హాలు ఈలలతో దద్దరిల్లింది.

"ఎవరిదండీ ఆ చెయ్యి?" అన్నాను మామయ్యతో.

"నిర్మాతది. మనిషిని పెట్టుకోవడం దండగని తనే దిగాడు."

తర్వాత ఆఖరి రీలు. జనం ముందే లేచి నిలబడ్డారు. హీరో ఒడ్డుకి వచ్చాడు. హాలు మొత్తం ఒక్క గొంతుతో, "ఓ విధీ!" అని అరిచింది. తెర మీద పెదాలు కలిసి విడిపోయాయి.

"భయపడకు."

చిన్నగా, దగ్గరగా, పక్కసీట్లోంచి అన్నట్టుగా. అరుపు సగంలో తెగింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"రాత్రి గడియ పెట్టుకో. నేనొచ్చి పిలిచినా తియ్యకు."

ముందువరసలో ఒకడు, "మొసలి కన్నీళ్ళు రా!" అని కేకేశాడు. ఇంకొకడు, "నోర్ముయ్!" అన్నాడు. ఆ రెండోవాడి ముక్కుకి కూడా అట్టమూతి ఉంది. దాన్ని మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గొంతు నాదే ఉంటుంది. మనిషిని నేను కాను."

నిలబడ్డవాళ్ళు ఎప్పుడు కూర్చున్నారో నేను చూడలేదు. ఆ మొహం అలాగే ఉంది, మారిందల్లా దాని మీద ఉన్న చెత్త తొలగిపోవడమే. కుర్రవాడి మొహంలోంచి ముసలి గొంతు వస్తున్నా అతకనట్టు అనిపించలేదు. అన్నేళ్ళు ఆలోచించి మాట్లాడుతున్నట్టు ఉంది. హీరో వెనక్కి తిరిగాడు. ఏట్లోకి నడుస్తున్నాడు. వీపు మాత్రమే కనబడుతోంది. అత్తయ్యకి కూడా తెలియని చోటు ఇది. ఆవిడ ముందుకి వంగింది.

"తెల్లారాక తియ్యి. అప్పుడొచ్చేది నేనే."

అత్తయ్య చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. గాజులు గలగలమన్నాయి. ఈసారి వాటిని ఎవరూ వద్దనలేదు. హాల్లో ఇంకో చప్పుడు లేదు. తెర మీద రబ్బరు మొసలి నీళ్ళలోకి మెల్లగా దిగింది. వీపున జిప్పు నిగనిగలాడుతూ కనబడింది. ఎవరూ నవ్వలేదు.

దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు. తర్వాత ఎవరో, "ఇంకోసారి!" అన్నారు. పక్కవాళ్ళు అందుకున్నారు. హాలంతా కాళ్ళు నేలకేసి కొడుతూ, "ఇంకోసారి! ఆఖరి రీలు ఇంకోసారి!" కార్యదర్శి కంగారుగా ప్రొజెక్టరు గదికి పరిగెత్తాడు. రెండోసారి వేసినప్పుడు "ఓ విధీ" అన్నవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. 'భయపడకు' అన్నప్పుడు మాత్రం నా ముందు కూర్చున్న అమ్మాయి పెదాలు ఆ మాటతోపాటు కదిలాయి, హాస్టల్లో మా పెదాలు కదిలినట్టే.

మామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయన తెరని చూడటం లేదు. జనాన్ని చూస్తున్నారు. ఆ మొహంలో 'అదొక్కటే' ఇంక లేదు.

"వచ్చు నాన్నా" అన్నాడు మా ఆయన. "నీకు వచ్చు. ఎప్పట్నుంచో వచ్చు."

"వచ్చులా ఉందిరా" అన్నారు మామయ్య, ఆశ్చర్యంగా.

జనం చుట్టుముట్టారు. చప్పట్లు, ఫొటోలు. కార్యదర్శి వాళ్ళని తోసుకుంటూ వచ్చాడు. కళ్ళజోడు వంకరైపోయింది.

"గురువుగారూ! రేపే మొదలుపెట్టేద్దాం! మా క్లబ్బు తరఫున 'మొసలి మొగుడు', రెండో భాగం! మీరు ఊఁ అంటే చాలు!"

మామయ్య నోరు తెరిచారు. మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఈయన ఇంతవరకూ ఎవరికీ కాదని చెప్పలేదు.

"చెయ్యను" అన్నారు మామయ్య.

కార్యదర్శి కన్నా ముందు ఆయనే తుళ్ళిపడ్డారు. ఆ మాట నోట్లో ఎలా ఉందో రుచి చూస్తున్నట్టు ఇంకోసారి, "చెయ్యనోయ్" అన్నారు. "మంచి కథ ఏదైనా ఉంటే తీసుకురా. ముందు చదువుతాను. నచ్చితే డబ్బింగు కూడా నేనే చెబుతాను. నచ్చకపోతే మళ్ళీ ఇదే మాట."

మా ఆయన ఈల వేశాడు. నిజంగా వేశాడు, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, సొంత తండ్రికి. నేను ఆయన్ని మళ్ళీ కొత్తగా ప్రేమించేశాను.

గుంపు అవతల, తలుపు దగ్గర, అత్తయ్య పసుప్పచ్చ చీరలో నిలబడి ఉంది. అంత గోలలో మాట వినబడే దారి లేదు. మామయ్య తలలన్నిటి మీదుగా ఆవిడని చూశారు. చూసి, పెదాలు కదిపారు. నేను పక్కనే ఉన్నాను, మొత్తం చదివాను. మా ఆయన కూడా చదివాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. ఏమన్నారో నేను చెప్పను. మొసలి కోడలికి కూడా ఒక మర్యాద ఉంటుంది.

అత్తయ్య జవాబుకి పెదాలు ఊరికే కదపలేదు. ఆ గోలంతా ఆగేలా, హాలు హాలంతా వినబడేలా, గట్టిగా అంది.

"విన్నాను! ఇంటికి పదండి!"